సమాధానం: ఇగ్నో (ఇందిరా గాంధీ దూరవిద్య యూనివర్సిటీ) పరీక్ష పాసైనా ‘నాట్ కంప్లీటెడ్’ అనే వస్తోంది

బీఏ పరీక్ష పాసైనా ఒక సబ్జెక్టుకు ఇలా వస్తోందని, ప్రమోషన్ ఫైలు ఆగిందని అడిగారు. చాలాసార్లు అసైన్‌మెంట్ (ఇంటి దగ్గర రాసి స్టడీ సెంటర్‌లో ఇచ్చే జవాబులు) మార్కులు రికార్డులో ఎక్కకపోవడమే కారణం. మీ బీఏలో మొత్తం మార్కుల్లో పరీక్షకు 70 శాతం, అసైన్‌మెంట్‌కు 30 శాతం, రెండూ విడివిడిగా పాసవ్వాలి, ఒకటి లేకపోతే రెండోదానిలో ఎన్ని వచ్చినా స్టేటస్ మారదు.

1. గ్రేడ్ కార్డులో ఆ సబ్జెక్టు ఎదురుగా అసైన్‌మెంట్ గడి చూడండి. గీత మాత్రమే ఉంటే ఇదే సమస్య.

2. స్టడీ సెంటర్‌లో ఇచ్చినప్పుడు ముద్ర వేసిన రసీదు ఉందా? ఉంటే జిరాక్స్ తీసి, ఎన్‌రోల్‌మెంట్ నంబర్, సబ్జెక్టు కోడ్ రాసి కోఆర్డినేటర్‌కు ఇవ్వండి, పని కాకపోతే అదే కాగితంతో రీజినల్ సెంటర్‌కు (హైదరాబాద్, విజయవాడ, విశాఖ, మీది ఏదైతే అది).

3. రసీదు లేకపోతే అసైన్‌మెంట్ మళ్ళీ రాయాల్సిందే. అందరూ తప్పేది ఇక్కడే: ఫ్రెండ్ దగ్గరున్న పాత ప్రశ్నలు రాసి ఇచ్చేస్తారు. వెబ్‌సైట్లో ఇప్పుడు చెల్లే సెషన్ ప్రశ్నలే దించుకోండి, మొదటి పేజీలో జనవరి సెషనా జూలై సెషనా, ఏ సంవత్సరమో చూశాకే పెన్ను పట్టండి. చేత్తోనే రాయాలి.

పాసైన పరీక్ష మళ్ళీ రాయక్కర్లేదు, ఆ మార్కులు అలాగే ఉంటాయి. ప్రమోషన్ ఫైలు కదలాలంటున్నారు కాబట్టి, ఈసారి రసీదును ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకోండి.