ఇంట్లో వింటుంది, పార్కులో వినదు: ట్రీట్ ఎప్పుడు తీయాలి?

ఇంట్లో "సిట్" అనగానే కూర్చునే మీ లాబ్రడార్ కబ్బన్ పార్కులో పట్టించుకోకపోవడం మొండితనం కాదండి. చాలామందిలాగే మీరూ బిస్కెట్ ముందు చూపించి, తర్వాత మాట చెబుతుండొచ్చు. అలాగైతే దానికి అర్థమైన ఆజ్ఞ "సిట్" కాదు, బిస్కెట్ పట్టుకున్న చెయ్యి.

1. ట్రీట్లు జేబులోనో నడుముకు కట్టిన సంచీలోనో ఉంచండి. చెయ్యి ఖాళీగా ఉండాలి.

2. "సిట్" ఒక్కసారే అనండి. వెనక భాగం నేలకు తగిలిన క్షణంలోనే "ఎస్" అనండి, సరిగ్గా చేశావని దానికి అదే గుర్తు. ఆ తర్వాతే చెయ్యి జేబులోకి వెళ్లాలి.

అందరూ తప్పేది ఇక్కడే. "ఎస్" అనకముందే చెయ్యి కదిలితే కుక్క మాట వినదు, జేబునే చూస్తుంది. మా ఇండీ (నాటు కుక్క) త్వరగానే నేర్చుకుంది, నా చెయ్యి అదుపులోకి రావడానికే రెండు వారాలు పట్టింది! ఖాళీ చేత్తో, కుక్క లేకుండా అద్దం ముందు ఓసారి చేసి చూడండి, మీకే తెలుస్తుంది.

3. ఇంట్లో పదిసార్లలో ఎనిమిదిసార్లు వింటే వరండా, ఆపైన అపార్ట్‌మెంట్ గేటు, చివర్న పార్కు. లీష్ మాత్రం వదలొద్దు.

4. పార్కులో ఉడతలతో పోటీ కాబట్టి బిస్కెట్ చాలదు. ఉప్పు, ఉల్లి, మసాలా లేకుండా ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలు చేయండి. ఇంట్లో మాంసం వండకపోతే పనీర్ ముక్కలు. ద్రాక్ష, చాక్లెట్ అస్సలు వద్దు. ట్రీట్లు రోజు తిండిలో పదో వంతు దాటకూడదు, ఆ మేరకు గిన్నెలో తగ్గించండి.

బాగా కుదిరాక ప్రతిసారీ పెట్టక్కర్లేదు. ఓసారి ముక్క, ఓసారి బంతి, ఓసారి ఉత్త "శభాష్".