పాత రుచులు – మీ ప్రశ్నలు

ప్రశ్న: మేడమ్, మా మామగారికి శ్రీనాథుడంటే ప్రాణం. ఆయన షష్టిపూర్తికి శ్రీనాథుడి కాలంనాటి భోజనం పెడదామనుకుంటున్నాం. మిరపకాయ మానేస్తే సరిపోతుందా? కారం లేకపోతే మావాళ్ళు విస్తరి ముందు కూర్చోరేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక కోడలు, పర్లాకిమిడి

జవాబు: మిరపకాయ ఒక్కటే కాదమ్మా. వాస్కో డ గామా కాలికట్‌లో దిగింది 1498లో. శ్రీనాథుడు అప్పటికే పోయాడు. మిరప, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న అన్నీ ఆ తరవాత అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఇంతవరకు అందరికీ తెలుసు. అందరూ మరిచిపోయేది వేరుశెనగ. మిరపకాయని గుమ్మంలోనే ఆపేసి, వేరుశెనగ నూనెతో తాలింపు పెట్టేవాళ్ళని మా బరంపురంలో చాలామందిని చూశాను. పాయసంలో జీడిపప్పూ అంతే, అది బ్రెజిల్ నుంచి వచ్చింది. నువ్వుల నూనె, నెయ్యి వాడండి. ఆవనూనె కూడా తప్పు కాదు గానీ, పులుసులో ఆ వాసన మీ మామగారు ఒప్పుకుంటారో లేదో మీకే తెలియాలి.

కూరగాయలకి లోటు లేదు. పూరీ జగన్నాథుడి వంటశాలలో ఇప్పటికీ మట్టికుండలు, కట్టెల పొయ్యే. బంగాళాదుంప, టమాటా, మిరపకాయ అక్కడ అడుగుపెట్టవు. మీ వీధిలో ఏ ఒడియా ఇంట్లోనైనా దేవుడికి పెట్టే దాల్మా (పప్పు, కూరగాయలు కలిపి వండేది) ఎలా చేస్తారో అడగండి, సగం పని అయిపోతుంది. వంకాయ, అరటికాయ, కంద, చేమ, ముల్లంగి, బూడిద గుమ్మడి నిశ్చింతగా వాడుకోవచ్చు. బొప్పాయి మాత్రం వద్దు.

ఇక కారం. ఎండుమిర్చి వేసే చోటల్లా మిరియాలు పోస్తే కుదరదు. మిరియం ఎక్కువసేపు ఉడికితే ఘాటు నిలుస్తుంది గానీ వాసన పోతుంది. పులుసు దించే ముందు కచ్చాపచ్చాగా దంచి వేయండి. దాంతో పాటు పిప్పళ్ళు కూడా ఉండాలి. పచారీ కొట్లో లేకపోతే మూలికల కొట్లో దొరుకుతాయి. రెండు మూడు కాయలు చాలు. సన్నసెగ మీద పొడిమూకుడులో వేయించి, చల్లారాక దంచండి. నాలిక మీద ముందు కాస్త తీపి తగులుతుంది, ఆ వెనకే మంట వస్తుంది, తొందరగా పోదు. మీవాళ్ళకి కావలసింది అదే.

పనసపొట్టు దొరికితే ఆవపెట్టిన కూర చేయండి. ఆవాలు ఉప్పు, పసుపుతో నూరి, కూర దింపి చల్లారాక కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆవఘాటు చచ్చిపోతుంది. అన్నంతో పాటు కాస్త జొన్నన్నం కూడా వడ్డించండి. పల్నాటి జొన్నకూడు మీద విసుక్కున్న చాటువులు శ్రీనాథుడి పేరునే ఉన్నాయి కదా, మామగారు ఒక పద్యం అందుకోకపోరు.

ప్రశ్న: అయిన్-ఇ-అక్బరీలో కిచిడీకి బియ్యం, పప్పు, నెయ్యి మూడూ సమానం అని చదివాను. అది అచ్చుతప్పా?
– రాయగడ

జవాబు: కాదు బాబూ. ఆ పుస్తకం రాసిన, అక్బరు ఆస్థానంలోని అబుల్ ఫజల్ లెక్క ప్రకారం బియ్యం, పప్పు, నెయ్యి ఒక్కొక్కటి 5 సేర్లు, ఉప్పు సేరులో మూడో వంతు. ఏడు పళ్ళేలకి సరిపోతుందట. పైగా దీన్ని రాసింది మాంసం లేని వంటల జాబితాలో! ఇంట్లో చేసుకోవాలంటే 150 గ్రాముల బియ్యానికి అంతే పప్పు, అంతే నెయ్యి, 10 గ్రాముల ఉప్పు. పసుపూ లేదు, మసాలా లేదు. నీళ్ళ లెక్క ఇవ్వలేదు కాబట్టి మీ అలవాటు కొద్దీ పోసుకోండి. నేనైతే పెసరపప్పు వాడి, సగం నేతిలో బియ్యం, పప్పు వేయించి, మిగతా సగం చివర్లో పోస్తాను. నెయ్యి తగ్గించినా కమ్మగానే ఉంటుంది, కాకపోతే దానికి అక్బరు పేరు పెట్టకండి.

ప్రశ్న: రోమన్ల వంటల్లో వచ్చే గారమ్ అనే చేపరసానికి బదులు, మా గోపాలపురం ఎండుచేపలు నానబెట్టి పిండిన నీళ్ళు వాడొచ్చా?
– ఛత్రపురం

జవాబు: వద్దు. ఎండుచేపలో ఉండే తడి ఎండకి పోతుంది. గారమ్‌కి చేపల్ని పేగులతో సహా ఉప్పులో ఊరవేసి, నెలల తరబడి ఎండలో ఉంచితే చేపే కరిగి రసమవుతుంది. థాయ్, వియత్నాం చేప సాస్‌లు దానికి దగ్గరగా ఉంటాయి, ఆన్‌లైన్‌లో సీసా తెప్పించుకోండి. రోమన్ వంటల్లో కొలతలు చాలా చోట్ల ఉండవు, మిరియాలు మాత్రం ఎక్కడ చూసినా ఉంటాయి. అవి మన మలబారు తీరం నుంచి వెళ్ళినవే. సాస్ చెంచాడు వేసి రుచి చూడండి, ఆ తరవాతే ఉప్పు సంగతి. చాలాసార్లు వేయనక్కర్లేదు.