150 సీసీ బండి మీద హైదరాబాద్ నుంచి విజయవాడకి వెళ్లాలి, హైవే మీద ఎంత స్పీడు మంచిది?

70 నుంచి 75. బండి 110 కొడుతుందిగా అంటారు. కొడుతుంది, కానీ కొట్టడం వేరు, ఆగడం వేరు. 80లో సెకనుకి 22 మీటర్లు దాటేస్తారు. అడ్డం చూసి బ్రేకు మీద చెయ్యి పడేసరికే సెకనున్నర, అంటే 33 మీటర్లు. పొడి రోడ్డు, మంచి బ్రేకులు ఉన్నా ఆగడానికి ఇంకో 40. అదే 100లో మొత్తం 105 మీటర్లు. పైగా డివైడరున్న నాలుగు లేన్ల రోడ్డు మీద టూవీలర్‌కి 80 దాటొద్దని కేంద్రం 2018లోనే పరిమితి పెట్టింది.

అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక రోడ్డు ఖాళీగా కనిపించి చెయ్యి దురద పెడుతుంది. అసలు గండం అక్కడే. యూటర్న్ దాకా వెళ్లడానికి బద్ధకించి, పాల క్యాన్లు కట్టుకుని రాంగ్‌రూట్‌లో ఎదురొస్తాడొకడు. మీరు 80, అతను 40 అయితే మధ్యలో ఉన్న 100 మీటర్లు మూడు సెకన్లలో అయిపోతాయి. హారన్ కొట్టే టైము కూడా ఉండదు. ఇలాంటోళ్లు ఎక్కువగా రోడ్డు అంచునే వస్తారు కాబట్టి అంచుకి అతుక్కోకండి. ఎడమ లేన్‌లో కార్ల కుడి టైరు నడిచే గీత మీద పోండి. లేన్ నట్టనడుమ ఆయిల్ చుక్కలు ఉంటాయి, వాన మొదలైన పది నిమిషాలు అది సబ్బే.

లారీని దాటేటప్పుడు పక్కనే వేలాడొద్దు. రీట్రెడ్ టైరు (అరిగిన టైరుకి కొత్త రబ్బరు అతికించింది) పొర ఊడితే మీ మీదకే వస్తుంది. పక్కన ఉన్నంతసేపూ గాలి ఆగి, క్యాబిన్ దాటగానే ఒక్కసారిగా తోస్తుంది. హ్యాండిల్ బిగించి పట్టుకుంటే బండి ఊగుతుంది. మోకాళ్లతో ట్యాంకు నొక్కి, చేతులు వదులుగా ఉంచాలి. 75లో నడిపితే దాటడానికి బండిలో ఇంకా ఊపు మిగిలి ఉంటుంది. 95లో నడిపేవాడికి ఏముంటుంది?

చీకటి పడితే 55. డిమ్‌లో మామూలు హెడ్‌లైటు 40, 50 మీటర్లే చూపిస్తుంది, 55లో ఆగడానికి పట్టేదీ దాదాపు అంతే. దానికి మందు అని అదనంగా ఎల్‌ఈడీ బార్లు బిగించుకుంటారు మనవాళ్లు. ఎదుటివాడి కళ్లు పోగొట్టి, వాడు తమ మీదకే వస్తే వాడినే తిడతారు!

గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. వెనక మనిషి ఉంటే వెనక టైరుకి బండి మీదున్న స్టిక్కర్‌లో రాసినంత పెంచండి. నడిపాక వేడికి రెండుమూడు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, బంకు కుర్రాడు తీసేస్తానంటే తీయనివ్వొద్దు. చెయిన్ వదులు చాలా బండ్లకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు, ఎందుకైనా మంచిది మాన్యువల్ చూసుకోండి.

75 బదులు 90లో పోతే 100 కిలోమీటర్లకి మిగిలేది 13 నిమిషాలు. చౌటుప్పల్‌లో టీ తాగితే అదీ సరి.

పెద్ద అంబర్‌పేట దగ్గర మ్యాప్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) చూపించినా ఎక్కకండి, దాని మెయిన్ రోడ్డు మీదకి బైకుల్ని రానివ్వరు.