బోదకాలు ముదిరేకొద్దీ లింఫ్ నాళాల్లో ఏం జరుగుతుంది?

నల్లగొండ వైపు బోదకాలుకు ఎక్కువగా కారణం ఫైలేరియా. క్యూలెక్స్ దోమ ద్వారా వచ్చే ఈ పురుగులు లింఫ్ నాళాల్లోనే, అంటే ఒంట్లో కణాల మధ్య చేరే ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాల్లోనే, కాపురం పెడతాయి. వాపు కనిపించక ముందే నాళాలు సాగి వెడల్పవుతాయి. అప్పుడు లోపలి కవాటాల అంచులు ఒకదానికొకటి అందవు; పైకి పోవాల్సిన ద్రవం వెనక్కి, చర్మంలోకి మళ్లుతుంది. ఈ దశలో వేలితో నొక్కితే గుంట పడుతుంది, కాలు ఎత్తుమీద పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తగ్గుతుంది కూడా. ఏళ్లు గడిచేకొద్దీ నాళం గోడలోని కండరం పీచులా గట్టిపడి, పిండే బలం పోయి, దారి సన్నబడుతుంది. చర్మం కూడా గట్టిపడి గుంట పడదు. వేళ్ల సందుల్లోని పుండ్ల నుంచి సూక్ష్మజీవులు దూరి జ్వరం వచ్చిన ప్రతిసారీ నాళాలు ఇంకాస్త పాడవుతాయి. అందుకే ఫైలేరియాకు ఇచ్చే డీఈసీ మాత్రలు ఒక్కటే చాలవు. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడవండి. దయచేసి ఇది మాత్రం మానొద్దు.