ఉప్పునీళ్లలో మీటరు అంకె ఎందుకు నిలవదు?

ప్రశ్న: ఉప్పునీళ్లలో మల్టీమీటర్ ప్రోబులు ముంచి నిరోధం కొలిస్తే అంకె ఒకచోట నిలవడం లేదు. మీటరు పాడైందా? వేడి చేస్తే రాగి తీగ నిరోధం పెరుగుతుంది, ఉప్పునీళ్లది తగ్గుతుంది అంటారు, ఎందుకని?
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: మీటరు బాగానే ఉంది, కొలిచే పద్ధతే మార్చాలి. తీగలో కదిలేవి ఎలక్ట్రాన్లు. ఎంతసేపు కరెంటు పోయినా రాగి రాగిగానే ఉంటుంది. ఉప్పునీళ్లలో కదిలేవి సోడియం, క్లోరైడ్ అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు. అవి ప్రోబు లోపలికి పోలేవు కాబట్టి, దాని అంచున రసాయన చర్య జరిగితేనే కరెంటు నిలకడగా సాగుతుంది. ఓమ్స్‌లో పెట్టిన మల్టీమీటర్ పంపేది డీసీ, అంటే ఒకే దిశలో పోయే కరెంటు. దాంతో ప్రోబుల చుట్టూ అయాన్లు పేరుకుని ఎదురు వోల్టేజి పుడుతుంది. మీటరు దాన్నీ నిరోధం కిందే లెక్కేస్తుంది. ప్రోబులు అటూ ఇటూ మార్చి చూడండి, అంకె వెంటనే మారిపోతుంది.

ఏసీతో కొలవండి, దాని దిశ మారుతూ ఉంటుంది కాబట్టి అయాన్లు అంతగా పేరుకోవు. లీటరు నీళ్లలో 5 గ్రాముల ఉప్పు కలపండి. రెండు కార్బన్ కడ్డీలను 5 సెంటీమీటర్ల ఎడంగా అట్టముక్కకు గుచ్చి నీళ్లలో నిలబెట్టండి. 6 వోల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సప్లై ఇచ్చి, కడ్డీల మధ్య వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది. 230 వోల్టుల లైనును మాత్రం నీళ్లలోకి నేరుగా ఎప్పుడూ ఇవ్వకండి, ప్రాణాలకే ముప్పు. రీడింగు తీయగానే స్విచ్ ఆపాలి, లేకపోతే కరెంటుకే నీళ్లు వేడెక్కుతాయి. కడ్డీలు మునిగిన లోతు కాస్త మారినా లెక్క తప్పుతుంది. చాలామంది ప్రయోగం చెడేది ఇక్కడే. 50 హెర్ట్జ్ ఏసీతో అయాన్లు పేరుకునే దోషం బాగా తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు, అందుకే ల్యాబుల్లో 1000 హెర్ట్జ్ దాకా వాడతారు.

ఇక వేడి సంగతి. రాగిలో ఎలక్ట్రాన్ల సంఖ్య మారదు, పరమాణువుల కంపనం పెరిగి వాటికి అడ్డు తగులుతుంది. 10 డిగ్రీలు పెరిగితే నిరోధం సుమారు 4 శాతం పెరుగుతుంది. నీళ్లు మాత్రం వేడెక్కితే వాటి జిగట తగ్గుతుంది, అయాన్లు సులువుగా కదులుతాయి. అదే 10 డిగ్రీలకు వాహకత (కరెంటును పోనిచ్చే గుణం) దాదాపు 20 శాతం పెరుగుతుంది. వేడికి ఉప్పు ఇంకా ఎక్కువగా విడిపోతుందని రాయకండి. పలచని ద్రావణంలో అది ముందే అయాన్లుగా విడిపోయి ఉంటుంది.

ప్రశ్న: గ్లాసు నీళ్లలో చక్కెర కలిపినా టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం పదార్థాలు) మీటరు అంకె పెరగలేదు. ఇక దాన్ని నమ్మేదెలా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ఆ మీటరు కొలిచేది వాహకతను మాత్రమే. దాన్ని 0.5 లాంటి ఒక గుణకంతో హెచ్చించి టీడీఎస్‌గా చూపిస్తుంది. గుణకం వేరైతే రెండు మీటర్లు ఒకే నీళ్లకు వేర్వేరు అంకెలు చూపిస్తాయి. చక్కెర అయాన్లుగా విడిపోదు కాబట్టి మీటరుకు కనబడదు. మీ జిల్లాలో అసలు చూడాల్సింది ఫ్లోరైడ్. దానికి గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. టీడీఎస్ 500 ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ 1 ఉన్నా 3 ఉన్నా ఈ మీటరు తేడా పట్టలేదు. నీళ్ల శాంపిల్‌ను ల్యాబ్‌లో ఫ్లోరైడ్ పరీక్షకే ప్రత్యేకంగా ఇవ్వండి.