రెండు రాత్రులూ ఎందుకు?

ప్రశ్న: నాకిష్టమైన బ్యాండ్ నవీ ముంబైలో శని, ఆదివారాలు వాయిస్తోంది. రెండు రోజులకూ టికెట్లు కొన్నాను. "అవే పాటలు రెండుసార్లు వినడానికి అంత దూరమా?" అని అమ్మ దెబ్బలాట. ఏం చెప్పను?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: కనుమకి జగ్గన్నతోటలో ఏటా అవే ప్రభలు కదమ్మా, మీ అమ్మగారు వెళ్లడం మానేశారా? ఆ మాట మెల్లిగా అనండి, గట్టిగా అంటే అన్నం పెట్టరు. నా మటుకు నేను రెండో రాత్రికే ఓటేస్తాను. మొదటి రాత్రి జనాన్నీ లైట్లనూ చూడ్డంతోనే సరిపోతుంది. డ్రమ్ములు చెవికెక్కేది రెండోనాడే.

నాకు బెంగల్లా రైలు టికెట్ గురించే. 2025లో కోల్డ్‌ప్లే అక్కడ జనవరి 18, 19, 21 తేదీల్లో వాయించింది. అంటే మన సంక్రాంతి అల్లుళ్లంతా తిరుగు రైళ్లెక్కే వారం! రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ పొద్దున్నే చేసేయండి. రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరి కోణార్క్ ఎక్కండి. కల్యాణ్‌లో దిగి, లోకల్‌లో ఠాణే వెళ్లి, అక్కడ నెరూల్ బండి పట్టుకోవచ్చు. డీవై పాటిల్ స్టేడియం అటువైపే. గది కూడా నెరూల్‌లోనే చూసుకోండి, కచేరీ అయ్యాక అంత జనంలో ఆటో దొరకడం కల్ల. ఫోన్లూ కలవవు, స్నేహితులతో ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. చెవుల్లోకి ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి.

అమ్మగారికి రైలెక్కాక ఒకటి, గదికి చేరాక ఒకటి ఫోన్ కొట్టండి. పూతరేకులు పట్టికెళ్తే క్యూలో పక్కవాళ్లు చుట్టాలైపోతారు, ఆయ్!