పడవ పేరు ముందు గాలిలో అరిచి చూడు

చిన్నీ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, హలో కూడా అనకుండా, "నీ మేనకోడలు పడవ కొందిట, అంతా నీ వల్లే" అంది. నేనేం చేశాను తల్లీ, నీ ఆరో ఏట భుజాల మీద కూర్చోబెట్టుకుని లైట్‌హౌస్ చూపించాను, అంతే కదా. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నీకు ముందు మన ఇంట్లో ఈత వచ్చిన ఆడపిల్లే లేదు, అలాంటిది నువ్వు సియాటెల్‌లో 30 అడుగుల తెరచాప పడవ కొని, చుక్కాని పట్టుకుని ఫొటో పంపావు. దాన్ని పెద్దది చేసి చూశాను. నీ మొహం కన్నా ముందు లైఫ్ జాకెట్ వెతికాను. వేసుకున్నావు. బకిల్ పెట్టలేదు. పెట్టుకో.

వాతావరణం చూసుకుని బయల్దేరడం, ఫెర్రీలకి దూరంగా ఉండడం, ఒంటరిగా డెక్ మీదకి వెళ్తే తాడు కట్టుకోవడం, ఆ నీళ్లు ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయని మరిచిపోకపోవడం, ఇవన్నీ నీకు క్లాసులో చెప్పే ఉంటారు. నేను రాసేది పేరు గురించి. ఫ్యామిలీ గ్రూపులో నువ్వు పెట్టిన పేర్ల జాబితా చూసి అందరూ లవ్ సింబల్స్ పెట్టారు, నేనొక్కణ్ణే ఏం పెట్టలేదని నువ్వు అడిగావుట. ఇదిగో, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు మీ ఆయన చెప్పిన 'అగస్త్య' సంగతి. వినడానికి గంభీరంగా ఉంది. కానీ అగస్త్యుడు చేసిన పెద్ద పనేమిటి? సముద్రాన్ని తాగేశాడు. పడవ సముద్రాన్ని తాగడం మొదలుపెడితే మీరిద్దరూ బకెట్లు పట్టుకోవాలి నాయనా. సరదాకి అంటున్నాను, కోప్పడద్దని చెప్పు. నిజానికి ఆ పేరు వెనక మంచి కథే ఉంది. మనం అగస్త్య నక్షత్రం అనేదాన్ని అరబ్బులు సుహైల్ అంటారు. గల్ఫ్‌లో వీచే ఒక గాలికి కూడా సుహైలీ అనే పేరు. బ్రిటిష్ మర్చంట్ నేవీ ఆఫీసరు రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ బొంబాయిలో టేకుతో కట్టించుకున్న పడవకి ఆ గాలి పేరే పెట్టాడు. 32 అడుగులే, నీ దానికన్నా రెండడుగులు ఎక్కువ. 1968 జూన్‌లో బయల్దేరి 312 రోజులు ఎక్కడా ఆగకుండా, ఒక్కడూ భూమి చుట్టూ తిరిగి 1969 ఏప్రిల్‌లో ఇంటికొచ్చాడు. అలా చేసినవాళ్లలో అతనే మొదటివాడు. అదొక పందెం, తొమ్మిదిమంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది అతనొక్కడే. సుహైలీ. ఒకసారి పైకి అను. మూడు ముక్కలు, మూడూ విడివిడిగా వినపడతాయి.

అర్థం బాగుంటే పడవ బాగుంటుందని మన చుట్టాలందరూ నమ్ముతున్నట్టున్నారు. నేను అంతగా నమ్మను. మన ఆర్మీ ఇంజనీర్లు 1985 నుంచి 87 దాకా భూమి చుట్టూ తిరిగి వచ్చిన పడవ పేరు 'తృష్ణ'. తృష్ణ అంటే దాహం! ఉప్పునీళ్ల మధ్య ఉండే పడవకి దాహమని పేరు పెడితే మన పెద్దవాళ్లు ఊరుకుంటారా? అయినా అది క్షేమంగా తిరిగొచ్చింది. మన నేవీ ఆఫీసరు అభిలాష్ టామీ 2018లో తన పడవకి 'తురీయ' అని పెట్టుకున్నాడు. మెలకువ, కల, నిద్ర దాటిన నాలుగో స్థితి, ఇంకా పైన ఏముంది చెప్పు. దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను దాని కొయ్యలు విరిచేసింది, అతని నడుం విరిగింది, ఫ్రెంచివాళ్ల ఓడ వచ్చి ఎత్తుకెళ్లింది. గాలికి వేదాంతం తెలీదమ్మా.

అలాగని అర్థం అక్కర్లేదనీ అనను. 2017 సెప్టెంబరులో ఆరుగురు నేవీ అమ్మాయిలు గోవా నుంచి బయల్దేరి 254 రోజులు ప్రపంచం చుట్టి వచ్చిన 'తారిణి' గుర్తుందా? వాళ్లలో స్వాతి మన విశాఖ పిల్ల, ఐశ్వర్య హైదరాబాదు పిల్ల. ఆ పేరు బరంపురం దగ్గరి తారాతారిణి అమ్మవారిది, పడవలవాళ్లూ వర్తకులూ కొలిచే తల్లి. తారిణి అంటే దాటించేది. దానికి ముందు వచ్చిన నేవీ పడవ 'మాదేయి' పేరు గోవా మాండవి నదికున్న ఇంకో పేరు. అంటే రెండూ ఊరికే పుస్తకంలో వెతికి పట్టుకొచ్చినవి కావు, ఎవరో ఎప్పటినుంచో ఒడ్డున నిలబడి పిలుస్తున్న పేర్లు. అలాంటిది నీకు ఏదన్నా ఉందేమో ఆలోచించు. నీ జాబితాలో మీ ఇద్దరి పేర్లు అతికించి చేసినది ఒకటుంది చూడు, అది అపార్ట్‌మెంటుకి బాగుంటుంది.

ఇక 'అలకనంద'. నాకూ ఇష్టమే, మీ అమ్మమ్మకి పెట్టాలనుకున్న పేరు అది. కానీ నీ రేడియోలో కోస్ట్ గార్డ్ అమ్మాయి "స్పెల్ యువర్ వెసెల్ నేమ్" అంటే ఏం చెప్తావు? రేడియోలో ఒక్కో అక్షరానికీ ఒక్కో మాట చెప్పాలి కదా. ఆల్ఫా, లీమా, ఆల్ఫా, కిలో, ఆల్ఫా, నవంబర్, ఆల్ఫా, నవంబర్, డెల్టా, ఆల్ఫా. వర్షంలో, వణుకుతూ, ఒక చేత్తో చుక్కాని పట్టుకుని చెప్పి చూడు. నాలుగో ఆల్ఫాకి నీకే లెక్క తప్పుతుంది.

నవ్వుకున్నావా? ఇప్పుడు నవ్వు రాని సంగతి చెప్తాను. ఇది మీ అమ్మకి తెలీదు, చదివాక చూపించకు.

నేను ఓడల మీద పదకొండేళ్లు రేడియో ఆఫీసరుగా చేశానని నీకు తెలుసు. (1999కల్లా ఓడల మీద ఆ ఉద్యోగమే లేకుండా పోయింది, అది వేరే బాధ.) ఓడ దిగాక, 1993లో, ముగ్గురం స్నేహితులం కలిసి పాత ఇనుము కొట్టులో ఒక లైఫ్‌బోటు కొన్నాం. ఆరెంజి రంగు తెరచాప కూడా దాంతోనే వచ్చింది. అడుగున నీళ్లలోకి దిగే పలక లేని పడవ అది, గాలి ఎటు తోస్తే అటు పోవడమే దానికి తెలుసు. మేం ఒక చెక్క బిగించి, చుక్కానికి కొత్త బందులు వేసి, మహా షిప్‌యార్డు వాళ్లలాగ ఫీలయ్యాం. ఏ రేవో రాయను.

పేరు దగ్గర గొడవొచ్చింది. నేను మా అమ్మ పేరన్నాను, రెండోవాడు వాళ్లమ్మ పేరన్నాడు. మూడోవాడు గుంటూరువాడు, అమరావతి శిల్పాలంటే పిచ్చి, ఏనుగు కల కంటూ పడుకున్న మాయాదేవి శిల్పం ఫొటో పర్సులో పెట్టుకు తిరిగేవాడు. "తల్లి పేరే పెడదాం, మీ తల్లీ వద్దు, నా తల్లీ వద్దు, బుద్ధుడి తల్లి పేరు పెడదాం" అన్నాడు. ఎంత బాగుంది! ముగ్గురం ఒప్పుకున్నాం. అమరం మీద, అంటే పడవ వెనక భాగం మీద, నేనే స్వయంగా తెల్ల పెయింటుతో రాశాను. మాయాదేవి.

నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకు అర్థం కాలేదు. ఆపదలో ఉన్నవాడు రేడియోలో మూడుసార్లు అనే మాట 'మేడే', ఫ్రెంచిలో సాయం చెయ్యండి అనే మాట నుంచి వచ్చింది. ట్రైనింగులో మొదటి వారం నేర్పారు. పదకొండేళ్లు చెవులమ్ముకుని బతికినవాణ్ణి, నా చేత్తో నేనే ఆ పేరు రాసి, పైన వార్నిష్ కూడా కొట్టాను.

మొదటిసారి జనవరిలో. చీకటి పడ్డాక రేవులోకి వస్తున్నాం, చెప్పి రావాలి కదా అని చేతి రేడియో తీసుకుని, ముందు వాళ్లని పిలవాల్సింది పోయి, తొందరలో "మాయాదేవి, మాయాదేవి, మాయాదేవి" అన్నాను. పది నిమిషాల్లో టగ్గు సెర్చ్‌లైట్ వేసుకుని మా మీదకి వచ్చింది. మేం ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తింటున్నాం. సరంగు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. క్షమాపణ ఉత్తరం ఇచ్చాను. అప్పుడైనా పేరు చెరిపేయాలా? చెరపలేదు. రేవంతా అది జోకైపోయింది, రేడియో దగ్గర కూర్చునే కుర్రాడు నేను పిలిచినప్పుడల్లా "మేడేనా, మాయాదేవా సార్" అని నవ్వేవాడు, నేనూ నవ్వేవాణ్ణి. పేరు పడిపోయిందని లోపల్లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

రెండోసారి ఆ ఏడాది నవంబరులో. గాలి ఒక్కసారి తిరిగి ఒడ్డు నుంచి సముద్రం లోపలికి వీచడం మొదలుపెట్టింది. చుక్కాని బందు విరిగింది. పలక బిగించిన చోట నీళ్లు రావడం మొదలైంది. ఈసారి అన్నీ పద్ధతిగా అన్నాను. మేడే మూడుసార్లు, ఆ తర్వాత పడవ పేరు మూడుసార్లు. నా గొంతు వణుకుతోంది, రేడియో బ్యాటరీ చివర్లో ఉంది, గాలి మోత. అవతల్నించి ఆ కుర్రాడు, ఎంతో మర్యాదగా, "మాయాదేవీ, గుడ్ ఈవినింగ్ సార్, స్టాండ్‌బై" అన్నాడు. అంతే. బ్యాటరీ పోయింది.

వాణ్ణి ఏమీ అనను. వాడు విన్నది మాయాదేవి ఆరుసార్లు.

నాలుగు గంటలు కొట్టుకుపోయాం. చుక్కానికి బదులు తెడ్డు కట్టి దాన్ని తాడుతో బిగపట్టుకుని కూర్చున్నాడు మా గుంటూరువాడు. ఒక కెరటానికి తాడు లాగేసింది, కుడిచేతి రెండు వేళ్లు తాడుకీ అంచుకీ మధ్య ఇరుక్కున్నాయి. రాత్రి పదింటికి చేపల వేట నుంచి తిరిగొస్తున్న మరబోటువాళ్లు మా టార్చిలైటు చూసి వచ్చారు. వాళ్లకి రేడియో లేదు. ఆ వేళ్లు ఇంజను బెల్టులో పడి పోయాయని మన ఇళ్లల్లో అందరికీ చెప్పాం, మీ అమ్మ ఇప్పటికీ అదే అనుకుంటుంది.

నాన్నా పులి కథలో అబద్ధమాడింది పిల్లాడు. ఇక్కడ పాపం పడవకేం తెలుసు, దాని చేత అబద్ధం ఆడించింది నేను. మా గుంటూరువాడు నన్ను ఒక్క మాటా అనలేదు చిన్నీ. తొమ్మిదేళ్ల తర్వాత కూతురి పెళ్లిలో ఆ చేత్తోనే అక్షింతలు వేశాడు, సగం వేళ్ల సందుల్లోంచి కింద పడిపోతుంటే నా వైపు చూసి నవ్వాడు. నేను భోజనానికి కూర్చోకుండా వచ్చేశాను.

నువ్వు కోస్ట్ గార్డ్ దగ్గర డాక్యుమెంటేషన్ చేయిస్తానన్నావని వాళ్ల రూల్సు చదివాను. పేరు ఇంగ్లిషు లిపిలోనే ఉండాలి, 33 అక్షరాలు దాటకూడదు, ఊరి పేరుతో సహా 4 అంగుళాలకి తగ్గకుండా రాయించాలి. ఇంకొకటుంది, సముద్రం మీద సాయం అడిగే మాటల్లాగ పలికే పేరు పెట్టకూడదుట. అది చదివి కంప్యూటర్ మూసేశాను. ముప్పై ఏళ్ల క్రితం ఈ వాక్యం ఎవరన్నా నా నెత్తిన కొట్టి చదివిస్తే బాగుండేది.

నీ రేడియోకి ఇప్పుడు ఎర్ర బటన్ ఉంది, ఆపదలో నొక్కితే నీ పడవ తొమ్మిదంకెల నంబరూ, నువ్వున్న చోటూ వాటంతటవే వెళ్తాయి, నాకు తెలుసు. అయినా పక్కనున్న పడవవాడు నిన్ను వెతకాలంటే పేరుతోనే వెతుకుతాడు. పాత ఓనరు పెట్టిన 'సెకండ్ విండ్' తీసేస్తున్నావు కాబట్టి, ఆ నంబరు రిజిస్ట్రేషన్‌లో, ప్రమాదంలో సిగ్నల్ పంపే బీకన్ ఉంటే దాని రిజిస్ట్రేషన్‌లో, రెండుచోట్లా కొత్త పేరు మార్పించు. లైఫ్‌బాయిల మీద పాత పేరు వదిలేయకు, రేపు అది ఎక్కడో తేలుతూ దొరికితే వెతికేవాళ్లు లేని పడవ కోసం వెతుకుతారు. పేరు మార్చేటప్పుడు సముద్ర దేవుడు నెప్ట్యూన్‌కి వైన్ పొయ్యాలంటారు అక్కడివాళ్లు. పొయ్యి. కొబ్బరికాయ కూడా కొట్టు. ఇద్దరూ చూసుకుంటారు.

నీ జాబితాలో నాకు నచ్చినవి రెండే, 'కెరటం', 'చిలక'. నన్నడిగితే 'తరణి' కూడా చేర్చు, నిఘంటువులో సూర్యుడనీ పడవనీ రెండర్థాలూ ఉన్నాయి, సియాటెల్‌లో మొదటిది ఎలాగూ కనపడదు కాబట్టి రెండోదన్నా ఉంటుంది. ఇంకా మీ ఆయన అగస్త్యే కావాలని పట్టుబడితే సరే, నాకేం పట్టుదల లేదు.

ఒక్క పని మాత్రం చెయ్యండి. ఈ శనివారం గాలి బాగా ఉన్నప్పుడు ఇద్దరూ జెట్టీ చివరికి వెళ్లి, ఒక్కో పేరూ మూడేసిసార్లు ఫోన్‌లో రికార్డు చేసి, ఏది ఏదో రాయకుండా నాకు వాట్సాప్‌లో పంపండి. నోటికి దగ్గరగా పెట్టుకోకండి, మోటారు ఆన్‌లో ఉంచండి. నాకిప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి మిషనుతో సగం పనిచేస్తోంది, నాకన్నా మంచి పరీక్ష నీకు దొరకదు. నాకేం వినపడిందో అది రాసి పంపుతాను.

మావయ్య